పలచన

లోపల ప్లేటు మీద మూత పడింది. అద్దాల తలుపుకి అటువైపు పలచటి ప్లాస్టిక్ మూత పడితే ఇటువైపు బెంచీ మీద కూర్చున్న మనిషికి వినపడదు, వినపడిందని ఎవరితోనైనా అంటే నవ్వుతారు కూడా, అయినా గడియారమ్మకి వినపడింది. ఉద్యోగమంతా ఆ మూతలు వేసిన చేతులాయె, చెవులెక్కడికి పోతాయి? ఇక గంటసేపు ఎవరూ ఏమీ చెయ్యకూడదు. ప్లేటు కదపకూడదు, మూత ఎత్తి తొంగిచూడకూడదు, ఆత్రం పుట్టినా దిగమింగుకోవాలి. ఈ ల్యాబులో ఉన్నన్నాళ్ళూ ఆ గంటంటే ఆమెకి ప్రాణం. చెయ్యాల్సిందంతా చేసేసి చేతులు కట్టుకుని కూర్చునే నిశ్చింత ఇంకెక్కడ దొరుకుతుంది, వంటింట్లోనా? గోడ వైపు చూడకుండానే ఎంతసేపైందో చెప్పేసేది గనక ల్యాబంతా కలిసి ఆమెకి ఆ పేరు పెట్టారు. పెట్టినవాళ్ళు వెళ్ళిపోయారు, పేరు మిగిలింది. చివరికి ఇంట్లో ఆయన కూడా కోపమొస్తే 'ఏమ్మా గడియారం' అనే దాకా వచ్చాడు. రిటైరయ్యాక మళ్ళీ ఇన్నాళ్ళకి ఈ నడవాలోకి వచ్చింది, కాకపోతే గోడకి ఇవతల వైపుకి. అవతల ఆ ప్లేటు ముందు ఆమె కూతురు కూర్చుంది. ప్లేటు గుంటల్లో ఉన్నది గడియారమ్మ రక్తం.

రక్తమంటే ఎర్రటిది కాదు. ఎర్రదంతా అడుక్కి దింపేస్తే పైన తేరే లేత పసుపు నీరు, సీరం. అందులో ఒక ప్రొటీను కోసం వెతుకులాట. అది ఊపిరితిత్తుల్లోనే పుట్టి ఊపిరితిత్తుల్లోనే ఉండాల్సిన సరుకు. లోపలి గోడలు దెబ్బతిని బీటలు వారితే తప్ప రక్తంలోకి ఇంతగా కారదు. రక్తంలో అది ఎక్కువుందంటే ఇల్లు కురుస్తోందని అర్థం. ఎంతమందికి చూసిందో ఆ చేతులతో, రాళ్ళు కొట్టేవాళ్ళకి, పిండిమిల్లు వాళ్ళకి, రంగులేసేవాళ్ళకి, అంకె తేల్చి పైకి పంపించి చేతులు కడుక్కునేది. అంకె వెనకాల ఒక మనిషి ఇలా బెంచీ మీద కూర్చుని ఉంటాడని తెలుసుగానీ, ఆ బెంచీ ఇంత గట్టిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదే. దీనిమీద పరుపు కాకపోయినా కాస్త మెత్తటి పట్టా అయినా వేయించమని అప్పుడే పోట్లాడాల్సింది. పక్కన ఆయనకి ఆ బాధ లేదు. టైలరు మనిషి, రోజంతా స్టూలు మీద కూర్చోవడం అలవాటే, గొడుగు పిడి మీద గడ్డం ఆనించి ఎప్పుడో నిద్రలోకి జారిపోయాడు. భార్య ఊపిరితిత్తుల సంగతి తేలబోతుంటే ఎలా పడుతుందో ఆ నిద్ర, ఆ దేవుడికే తెలియాలి. ఆయనకవతల ఎక్స్‌రే కవరు ఒళ్ళో పెట్టుకున్న పెద్దాయన ఒకడు మాత్రం కళ్ళప్పగించి ఈమెనే చూస్తున్నాడు, ఎందుకంటే దగ్గు వచ్చింది.

పొడి దగ్గు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దాన్ని లోపలికి నొక్కబోయింది, అది ఇంకాస్త పట్టుదలగా బయటికొచ్చింది. మెట్లెక్కితే ఆయాసం, మాట్లాడితే దగ్గు, నవ్వితే అసలే వద్దు. దీనికి ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టారు. ఆయన 'చల్లగాలి' అన్నాడు. ఆడపడుచు 'వయసు వదినా, వయసు' అని ఎంత సంబరంగా అందో. ఛాతీ డాక్టరు మాత్రం ఏ పేరూ పెట్టకుండా, రిటైరయ్యాక ఇంట్లో ఏం చేస్తుంటారమ్మా అని అడిగాడు. 'పావురాల్ని పెంచుతుంటానండీ' అంది. ఆయన చేతిలో కలం ఆగిపోయింది. అప్పుడే అర్థమైంది ఆమెకి. పావురాల రెక్కల పొడి, రెట్టల దుమ్ము కొంతమంది ఊపిరితిత్తులకి సరిపడదు, లోపల లోపలే గోడలు తినేస్తుంది, ఈ సంగతి ఈ నడవాలోనే ఎన్నిసార్లు వినలేదు! విన్నది ఊళ్ళోవాళ్ళ గురించి. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నట్టు, ఊళ్ళోవాళ్ళ ఊపిరితిత్తులన్నీ వెలకట్టిన మనిషి తన డాబా మీద పావురాల గూడు కట్టుకుని పొద్దునా సాయంత్రం దాంట్లోకి తల దూర్చి ఊడుస్తోంది. అసలు ఊడవకుండా ఎలా? ఒంటినిండా తెలుపున్నదాని పేరు బ్లాంకు, ఏమీ పోయకుండా తెల్లగా వదిలేసే గుంట పేరు అది. ఎప్పుడూ ఒకే చోట, ఒకే తీరుగా కూర్చునేది కంట్రోలు. మిగతావాటికి కూతురు పెట్టింది పేర్లు, ఒకటి హెడ్‌మాస్టరట, ఒకటి లంచమట, గింజలేస్తే తప్ప కదలదు గనక. నలభై పావురాలూ వచ్చి భుజాల మీద వాలితే ఆ బరువు ఎంత హాయిగా ఉంటుందో చెబితే ఛాతీ డాక్టరు రాసుకుంటాడా?

ఛాతీ డాక్టరు ఆ ప్రొటీను టెస్టు రాశాడు, కూతురు సెలవులో ఉన్న రోజున ల్యాబులో ఇంకెవరో చేశారు, అంకె వచ్చింది. చిన్న అంకె. చాలా చిన్నది, ఆరోగ్యంగా ఉన్న పిల్లల కంటే చిన్నది. రిపోర్టు అందుకుని ముందు ఆమె చూసింది తన అంకె కాదు, కంట్రోలు అంకె, ముందే జవాబు తెలిసిన నమూనాది. అది ఉండాల్సిన చోట ఉంది. తెలిసిన కొలతలతో గీసిన గీత చూసింది, వంక పెట్టడానికి లేకుండా సాగింది. ఇంకేం కావాలి? కంట్రోలు సరిగ్గా ఉంటే అంకెతో తగువు పెట్టుకోకూడదు, ఎంతమందికి నేర్పింది ఈ మాట! ఛాతీ డాక్టరు కూడా అయితే పావురాల వల్ల కాదులెండి అని సిరప్ రాశాడు. ఆమె ఆ సాయంత్రం డాబా ఎక్కి, మధ్యలో రెండుసార్లు ఆగి ఎక్కి, కంట్రోలుని చేతిలోకి తీసుకుని ముద్దు పెట్టుకుంది. రాత్రి భోజనాల దగ్గర ఆడపడుచు, ఆవిడ మొగుడు, ఆవిడ కోడలు, అందరూ ఉన్నారు. అందరి ముందూ రిపోర్టు గట్టిగా చదివించుకుంది. అందరూ హమ్మయ్య అన్నారు. ఒక్క కూతురు మాత్రం కంచంలో వేలుతో గీతలు గీస్తూ, "ఈ అంకె నాకు నచ్చలేదమ్మా" అంది.

నచ్చలేదట! అంకె ఏమైనా చీరా, నచ్చడానికి? గడియారమ్మకి ఒళ్ళు మండింది. ఏమే నచ్చలేదు, కంట్రోలు చూశావా, గీత చూశావా అంటే అన్నీ చూశానంది. అంతకుముందు రోజు మధ్యాహ్నం అమ్మ వీపు మీద తల పెట్టుకుని పడుకుంది అది, ఇంత మనిషి అయినా ఆ అలవాటు పోలేదు. అమ్మ ఊపిరి తీస్తుంటే లోపల ఎవరో ఎండుటాకులు తొక్కినట్టు చప్పుడు వినపడిందట. "ఎండుటాకులు అబద్ధం చెప్పవమ్మా. అంకె చెబుతుంది. రేపు నీ సీరాన్ని పలచన చేసి మళ్ళీ చూస్తాను" అంది. దాంతో ఆడపడుచు ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వు చూడగానే గడియారమ్మ గొంతు లేచింది. "అంటే ఏమిటే, నేను నేర్పిన పద్ధతే తప్పంటావా? నలుగురిలో నన్ను పలచన చేస్తావా?" కూతురు తడుముకోకుండా, "నిన్ను కాదమ్మా, నీ రక్తాన్ని" అంది. ఆయనకి నవ్వు ఆగక అన్నం పొలమారింది. అందరూ నవ్వారు. గడియారమ్మ నవ్వలేదు, నవ్వితే దగ్గొస్తుందని కాదు, మొహం చెల్లక. ఆ రాత్రి కూతురికి దుప్పటి కప్పడానికి కూడా వెళ్ళలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది, కొంచెమే. పలచన అనే మాటకి ల్యాబులో ఒక అర్థం, ఇంట్లో ఒక అర్థం. ల్యాబులో అది సీరంలో ఉప్పునీళ్ళు కలపడం. ఇంట్లో అది పరువు తీయడం. రెండూ కలిసి ఒక్క కంచం దగ్గర కూర్చుంటే గొడవ కాక ఏమవుతుంది?

ఆ పిల్ల చెప్పింది మాత్రం ఆ రాత్రంతా తలలో తిరుగుతూనే ఉంది. పాతకాలపు కిట్టులో పని రెండు విడతలుగా సాగేది. ముందు సీరం పోయాలి, గుంట అడుగున అంటించిన యాంటీబాడీలు ప్రొటీనుని పట్టుకుంటాయి, మిగిలింది కడిగేయాలి, ఆ తర్వాత రంగు తెచ్చే యాంటీబాడీలు పోయాలి, అవి వచ్చి పైనుంచి పట్టుకుంటాయి. కింద ఒక చెయ్యి, పైన ఒక చెయ్యి, మధ్యలో ప్రొటీను. అలా చిక్కితేనే రంగు. కొత్తగా వచ్చిన కిట్టుకి తొందరెక్కువ, రెండూ ఒకేసారి పోసెయ్యమంటుంది. అదీ బాగానే పనిచేస్తుంది, ప్రొటీను మరీ ముంచెత్తనంతవరకు. చిన్నప్పుడు కూతురికి ఈ టెస్టుని పోలీసుల కథగా చెప్పేది గడియారమ్మ. దొంగని పట్టాలంటే ఇద్దరు పోలీసులు చెరో రెక్కా పట్టుకోవాలమ్మా, అలా జంటగా పట్టుకున్న దొంగల్నే లెక్కేస్తారు అని. కూతురు అదే కథని ఆ రాత్రి తిరిగి చెప్పింది. "అమ్మా, ఊరినిండా దొంగలుంటే? ఒక్కో పోలీసుకి ఒక్కో దొంగ దొరికేస్తాడు. ఎవడి దొంగని వాడు పట్టుకుని నిలబడితే ఇంక జంట ఎక్కడ కుదురుతుంది? లెక్కేసేవాడు వచ్చి, జంటలు లేవు కాబట్టి ఊళ్ళో దొంగలే లేరని రాసుకుపోతాడు." నిండుకుండ తొణకదని సామెత. మరీ నిండిపోతే ఈ కిట్టూ అంతే, తొణకదు. ప్రొటీను కొంచెముంటే కొంచెం రంగు, ఎక్కువుంటే ఎక్కువ రంగు, విపరీతంగా ఉంటే మాత్రం నోరు మూసుకుంటుంది. గడియారమ్మకి ఈ సంగతి తెలియక కాదు, పుస్తకంలో చదివింది, చదివి పక్కన పెట్టింది. రెండు విడతల కిట్టుతో బతికిన మనిషికి అది ఎదురుపడలేదు. తెల్లవారుజామున లేచి కూర్చుని తనలో తను అనుకుంది, నా కథ నాకే అప్పజెప్పింది చూడు, గడుగ్గాయి.

ఆ గడుగ్గాయి పాలు గ్లాసులోకి వంచమంటే గట్టు మీద చెరువు కట్టేది. చేతికి నిలకడ లేదు, కంటికి కుదురు లేదు. సిరా నీళ్ళిచ్చి, మందు చుక్కలు వేసుకునే గొట్టమిచ్చి, సీసా మూతల్లోకి చుక్కలు లెక్కపెట్టి వెయ్యమని వంటింటి గడప మీద కూర్చోబెట్టేది. వేళ్ళన్నీ నీలం. గౌను నీలం. ఒకసారి నాలిక నీలం. ఆ తర్వాత డాక్టరు చదువుకి సీటు రాలేదు, రెండోసారీ రాలేదు. అప్పుడు ఆడపడుచు వచ్చి సోఫాలో కూర్చుని, పోనీలే వదినా, సీసాలు కడిగే చెయ్యి మీ ఇంట్లో ఉండనే ఉందిగా, ఇంకో జత చేతులు అంది. పళ్ళెంలో బిస్కట్లు పెడుతున్న గడియారమ్మ పళ్ళెం వెనక్కి తీసుకుపోయింది. అంతే. ఆవిడకి ఆ రోజు బిస్కట్లు లేవు. సీసాలు కడగడమట. కడగడంలో ఏముందో ఆవిడకేం తెలుసు! సరిగ్గా కడగని గుంట దొంగసాక్ష్యం చెబుతుంది, రంగు రాకూడని చోట వస్తుంది, మనిషికి లేని జబ్బు అంటగడుతుంది. సీసాలు కడగడానికే వచ్చింది మా పిల్ల, అవును, వచ్చింది, ఏం? చేరి ఏడాది తిరగలేదు, ఇంకా పర్మనెంటు కాలేదు, అందరూ గడియారం కూతురు అంటారు తప్ప దాన్ని దానిగా పిలిచే మనిషి ఆ ల్యాబులో లేడు. అలాంటిది ల్యాబు పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళి, ఇచ్చిన రిపోర్టు మీద నాకు అనుమానముంది సార్, కొత్త ప్లేటు తెరిచి మళ్ళీ చెయ్యనివ్వండి అని అడిగిందట. ఎవరి రిపోర్టంటే మా అమ్మదని చెప్పాలి కదా. చెప్పిందట. కాళ్ళు వణికాయమ్మా అంది ఇంటికొచ్చి. వణికితే వణికాయి, అడిగావుగా అందామనుకుంది గడియారమ్మ, బెట్టు పోలేదింకా, ఊఁ అని ఊరుకుంది.

పెద్ద డాక్టరు మంచివాడు, పొట్ట ముందు నడుస్తుంది, బుద్ధి దాని వెనకే వస్తుంది. మొత్తం విని, పాయింటే, చెయ్యమ్మా అన్నాడు. సొంతవాళ్ళ ట్యూబు ముట్టుకునేటప్పుడు పక్కన ఇంకొకరు కూర్చోవాలన్నది ఇక్కడి రూలు, ఆ రూలు పట్టుబట్టి పెట్టించింది గడియారమ్మే, అందుకని ఇప్పుడు ఆయనే లోపల స్టూలు మీద కూర్చున్నాడు. ఆ స్టూలు ఆయన్ని మోస్తోందంటే దానికీ ఒక దండం పెట్టాలి. వరసగా గుంటలు పెడుతుంది పిల్ల. మొదటిదాంట్లో సీరం ఉన్నదున్నట్టు, తర్వాతదాంట్లో పది రెట్లు పలచన, ఆ తర్వాతదాంట్లో వంద. నిజంగానే ప్రొటీను తక్కువుంటే పలచన చేసిన కొద్దీ రంగు ఇంకా వెలవెలబోతుంది, అప్పుడు పిల్ల చెప్పింది తప్పు. అలా కాక పలచన చేసిన కొద్దీ రంగు చిక్కబడిందా, పిల్లదే రైటు. నీళ్ళు కలిపితే చిక్కబడటం! పాలవాడికి తెలిస్తే ఎగిరి గంతేస్తాడు. నవ్వొచ్చింది, నవ్వు వెంట దగ్గొచ్చింది, ఆ దగ్గుకి పక్కన ఆయనకి మెలకువ వచ్చింది.

"అయిపోయిందా?" అన్నాడు కళ్ళు నులుముకుంటూ.

"ఇంకా లేదు. పడుకోండి."

"నిద్రపోలేదు. దణ్ణం పెట్టుకుంటున్నా."

"గొడుక్కా?"

ఆయన నవ్వలేదు. గొడుగు పిడిని రెండు చేతులా పట్టుకుని నేల వైపు చూస్తూ, "చిన్న అంకె రావాలని. మొదటిసారి వచ్చినదే మళ్ళీ రావాలని" అన్నాడు. ఆ గొంతు విన్నాక గడియారమ్మకి తెలిసింది, ఈయన ఇంతసేపూ నిద్రపోలేదు. ఇన్నేళ్ళు కాపురం చేసినా కళ్ళు మూసుకున్న మనిషి నిద్రపోతున్నాడో భయపడుతున్నాడో తెలుసుకోలేకపోయింది. ఆయన చేతి మీద చెయ్యి వేసింది. సూది గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడిన వేలు, అదంటే ఆమెకి చాలా ఇష్టం. నువ్వూ పెట్టుకో దణ్ణం అన్నాడు. సరేనని కళ్ళు మూసుకుంది. చిన్న అంకె రావాలని అనుకోబోయింది. అనుకోలేకపోయింది. లోపల్నుంచి ఇంకేదో తోసుకొచ్చింది. రంగు రావాలి. చిక్కగా రావాలి. మా పిల్ల రైటు కావాలి. అనుకుని చటుక్కున కళ్ళు తెరిచింది. ఏమిటే ఇది, నీ ఊపిరితిత్తులు చిల్లులు పడ్డాయని తేలాలని నువ్వే కోరుకుంటున్నావా? మతి గాని పోయిందా? పోలేదు, మతి మతిలాగే ఉంది. అంకె కోసం ఎదురుచూసి ఊపిరితిత్తులు పాడవవు, అవి పాడయితే ఎప్పుడో అయ్యాయి. ఆ ఎండుటాకుల చప్పుడు ఏ అంకె వచ్చినా ఉంటుంది. చిన్న అంకె వస్తే సిరప్ తాగుతూ, గూడు ఊడుస్తూ, వయసు వదినా వయసు అనిపించుకుంటూ లోపల గోడలు మొత్తం కూలేదాకా బతకడమే. పెద్ద అంకె వస్తే మందుంది, దారుంది. ఇదంతా నిజమే, తర్కం సరిగ్గానే ఉంది, కానీ తన కోరిక వెనక ఉన్నది తర్కం కాదని ఆమెకి బాగా తెలుసు. పెద్ద డాక్టరు ముందు, ఆ స్టూలు ముందు, గడియారం కూతురు అని పిలిచే వాళ్ళందరి ముందు ఆ పిల్ల తలెత్తుకోవాలి. దానికోసం రెండు ఊపిరితిత్తులూ ఇమ్మంటే ఇచ్చేట్టుంది ఈ వెర్రిబాగుల మనసు. కాకిపిల్ల కాకికి ముద్దు. అవును మరి, ముద్దే! మొగుడొక అంకె కోసం, పెళ్ళామొక అంకె కోసం, ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే దేవుణ్ణి పీక్కుతింటున్నారు.

గంట అయింది. గోడ గడియారం ఇంకా కాలేదంటోంది, అది తప్పు. లోపల కుర్చీ కాళ్ళు గీసుకున్న చప్పుడు వినపడింది. మూత తీస్తోంది. ఇప్పుడు కడగాలి, గుంటలన్నీ నింపి, వంచేసి, మళ్ళీ నింపి, మళ్ళీ వంచేసి, చివర్న ప్లేటుని బోర్లించి దళసరి కాగితాల మీద కొట్టాలి, ఒక్క చుక్క మిగలకుండా. అందరూ అక్కడే పాడుచేస్తారు. కొంతమంది భయంభయంగా తట్టి వదిలేస్తారు, కొంతమంది బండని బాదినట్టు బాదుతారు. గడియారమ్మ తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. టప్. టప్. కొంచెం ఆగి, ప్లేటు అటు తిప్పి, టప్. వచ్చేసింది! వంటింటి గట్టు మీద గ్లాసులు కడిగి బోర్లించేటప్పుడు తన చెయ్యి చేసే చప్పుడది, అచ్చంగా అదే, రెండు కొట్టి, తిప్పి, ఒకటి. తను ఎప్పుడూ నేర్పలేదే ఇది! చుక్కలు వెయ్యడం నేర్పింది, కొలత నేర్పింది, పోలీసుల కథ చెప్పింది, గ్లాసులు కొట్టే తీరు మాత్రం నేర్పాలని తోచనే లేదు. గడప మీద నీలం వేళ్ళతో కూర్చుని ఆ పిల్ల దాన్ని విని ఎత్తుకుంది. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ టప్, టప్, టప్. గడియారమ్మ కళ్ళు నిండిపోయాయి. కొంగు తీసి తుడుచుకోలేదు, ఎవరైనా చూస్తే చూడనీ, ఎక్స్‌రే పెద్దాయన చూస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు రంగు మందు పోసి ఉంటుంది. ముందు నీలం వస్తుంది, నీళ్ళలో సిరా చుక్క వేసినట్టు మెల్లగా, అనుమానంగా. చివర్లో యాసిడ్ చుక్క వేయగానే పసుపు తిరిగి ఆగిపోతుంది, ఇంక మారదు. ఎన్నిసార్లు చూసినా ఆ నీలం వచ్చేటప్పుడు వంగి చూడకుండా ఉండలేకపోయేది. ఇవాళ చూడలేదు. చూడకుండా కూర్చోవడం ఎంత కష్టమో. డాబా గుర్తొచ్చింది. ఈ సమయానికి గింజల డబ్బా చప్పుడు చేస్తే చాలు, ఆకాశంలో ఎక్కడెక్కడో ఉన్న పావురాలన్నీ ఒక్క మలుపు తిరిగి దిగిపోతాయి. పెద్ద అంకె వస్తే అవి ఉండవు. ఒక్కటి కూడా ఉండదు, బ్లాంకు కూడా, కంట్రోలు కూడా, చేతులు కడుక్కుని దూరం నుంచి చూస్తానన్నా కుదరదు. వీధి చివర సైకిలు షాపతను ఎప్పటినుంచో అడుగుతున్నాడు, మంచివాడే, గింజలు బాగానే వేస్తాడు. లంచం మాత్రం కొత్త చోట రెండ్రోజులు అలుగుతుంది. అయినా కోరిక మారలేదు. రంగు రావాలి. కానీ, రానీ, చిక్కగా రానీ.

తలుపు తెరుచుకుంది. కూతురు బయటికి రాలేదు, గడప దగ్గరే ఆగింది, ప్లేటు గది దాటకూడదని రూలు. రెండు చేతులా ప్లేటు పట్టుకుని, గడప లోపల నిలబడి, అమ్మ వైపు చూసింది. దాని వెనకాల పెద్ద డాక్టరు తలుపు రెక్క పట్టుకున్నాడు, రండి గడియారమ్మగారూ అన్నాడు మెత్తగా. ఆమె లేచింది. ఆయన గొడుగు బెంచీ మీదే వదిలేసి వెనకే వచ్చాడు. గడపకి ఇవతల నిలబడి వంగి చూసింది. వరసలో మొదటి గుంట వెలిసిపోయినట్టుంది, ఉన్నదున్నట్టు పోసిన సీరం, నోరు మూసుకున్న సీరం. దాని పక్కది పసుపు. దాని పక్కది, వంద రెట్లు నీళ్ళు కలిపింది, పొద్దుతిరుగుడు రేకులంత చిక్కటి పసుపు. నీళ్ళు కలిపిన కొద్దీ చిక్కబడే వరస తన సర్వీసులో చూడలేదు. కూతురి పెదవులు వణుకుతున్నాయి, చేతులు వణకడం లేదు, ప్లేటు నిశ్చలంగా ఉంది. అది గమనించింది గడియారమ్మ.

"బ్లాంకు?" అంది.

"తెల్లగా ఉందమ్మా."

"కంట్రోలు?"

"సరిగ్గా కూర్చుంది." అంతవరకే ఆగగలిగింది ఆ పిల్ల. "నేను తప్పయితే బాగుండేదమ్మా" అని ఏడ్చేసింది.

"నోర్ముయ్. ప్లేటు మీద కన్నీళ్ళు పడతాయి" అంది గడియారమ్మ. అని, గడప దాటకుండానే చెయ్యి చాచి దాని చెంప తుడిచింది. పెద్ద డాక్టరు ఏదో చెబుతున్నాడు, మొదటి రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని, ఛాతీ డాక్టరుతో ఇప్పుడే మాట్లాడతానని, పావురాల్ని పంపించేసి మందు మొదలుపెడితే ఇంకా దారి ఉందని, ఇకనుంచి ఈ కిట్టులో ప్రతి సీరాన్నీ పలచన చేసి కూడా చూడాలని రూలు పెడుతున్నానని, అది మీ అమ్మాయి పెట్టిన రూలని. చివరి మాట ఒక్కటే ఆమెకి సరిగ్గా వినపడింది. పక్కన ఆయన ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూస్తున్నాడు. ఏమేవ్, మంచిదా చెడ్డదా, ఏదో ఒకటి చెప్పండే అంటున్నాడు. ఏం చెప్పాలి ఈయనకి? చెబుదామని నోరు తెరిస్తే ముందు దగ్గొచ్చింది, ఈసారి దాన్ని ఆపలేదు, కానిచ్చింది, ఎండుటాకులన్నీ గలగలలాడేదాకా. బెంచీ మీద ఎక్స్‌రే పెద్దాయన జాలిగా ముందుకి వంగాడు.

"ఏమైందమ్మా? ఎవరా అమ్మాయి?"

గడియారమ్మ ఊపిరి అందేదాకా ఆగింది. తర్వాత నడవా ఆ చివరిదాకా, టోకెన్లిచ్చే కిటికీ దాకా వినపడేట్టు చెప్పింది.

"మా అమ్మాయండీ. నలుగురిలో నన్ను వంద రెట్లు పలచన చేసింది."